మా మలుపు దగ్గర ఏమీ జరగలేదట

ఆ టిప్పర్ హారన్ కొట్టలేదు. నాకు భయం పుట్టింది అక్కడే. శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే దారిలో, మా కాలనీ మలుపు దగ్గరికి వచ్చే కంకర టిప్పర్లన్నీ దూరం నుంచే హారన్ మోగిస్తాయి. ఆ మోత వినగానే పిల్లల్ని వెనక్కి లాగడం మా తల్లులందరికీ అలవాటు. ఆ పొద్దున చప్పుడేమీ లేదు కదా అని, రెండో తరగతి చదివే నా కూతురు రోడ్డు మీదికి అడుగు వేసింది. ఒక చేత దాని తమ్ముణ్ణి పట్టుకుని రెండో చేత దాని బ్యాగు అందుకున్నాను. తెగిన పట్టీ ఒక్కటే నా చేతిలో మిగిలింది. బ్యాగు చక్రాల కింద నలిగిపోయింది. పిల్ల రోడ్డు పక్క మట్టిలో పడి ఉంది.

మోకాలు గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. వెంటనే వందకు ఫోన్ చేశాను. పోలీసుల బండి వచ్చేసరికి, మలుపులోని టీ కొట్టు ముందు రాజీ మాటలన్నీ అయిపోయాయి. కబురు విని వచ్చిన మా మామయ్య కాళ్ల మీద డ్రైవర్ పడబోయాడు.

"పిల్లకేం కాలే గదా. వాడు గూడ పిల్లలు గలోడే. ఇడిసిపెట్టు బిడ్డా" అన్నారు మామయ్య.

విడిచిపెట్టాను. ఆ సాయంత్రం డ్రైవర్ కొత్త బ్యాగు కొని తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లాడు. మా వైపు ఇలాంటివి అలాగే ముగుస్తాయి.

నా లోపల మాత్రం ముగియలేదు. మా ఆయనకు జీడిమెట్ల మందుల కంపెనీలో రాత్రి డ్యూటీ ఉన్నప్పుడల్లా, నిద్రలో ఉన్న పిల్లల పక్కన కూర్చుని మర్నాటి రోడ్డు గురించే ఆలోచించేదాన్ని. స్కూల్ బస్సు అవతలి వైపే ఆగుతుంది. దాటక తప్పదు. ఆ మలుపులో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంటే చాలు.

రోడ్ల ఆఫీసుకు వెళ్లి అడిగాను. అక్కడి ఇంజినీరు నా మాట కాదనలేదు. కానీ ఆ మలుపు ప్రమాదకరమని చూపించే పోలీసు రికార్డు ఉంటేనే ఫైలు కదులుతుందన్నాడు. సమాచార హక్కు కింద అడిగితే ఇస్తారని కూడా చెప్పాడు.

అత్తమ్మకు ఇది నచ్చలేదు. "పోలీసోళ్లనే కాయితాలు అడుగుతవా? రేపు మనింటి ముంగట జీపు ఆగితే వాడకట్టోళ్లు ఏమనుకుంటరు?" అంది. బీకాం చదివిన నాకూ అదే భయం. అయినా పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. రిసెప్షన్‌లో ఉన్న మహిళా కానిస్టేబుల్ నా దరఖాస్తు రెండుసార్లు చదివి నవ్వింది.

"ఈడికి అందరు చెప్పనీకే వస్తరు అక్కా. మీరేందో అడగనీకి వచ్చిన్రు" అంటూనే తీసుకుని, ముద్ర వేసిన నకలు చేతికిచ్చింది. పై ఆఫీసు నుంచి జవాబు వస్తుందని చెప్పింది.

ఆ జవాబు పోస్టులో వచ్చింది. మా మలుపు వద్ద గడిచిన మూడేళ్లలో ప్రమాదాల మీద కేసులేవీ నమోదు కాలేదని అందులో ఉంది. నిలువునా నీరుగారిపోయాను. అబద్ధం రాశారని కోపం వచ్చింది. ఆ కాగితం పట్టుకుని టీ కొట్టు దగ్గరికి వెళ్లాను. కొట్టు నడిపే ఆమె చదివించుకుని విని, గ్లాసులు కడుగుతూనే అంది: "కేసులు యాడుంటయి? అన్ని గీ బల్ల మీదనే సాఫ్ జేస్తిమి గదా. నీ బిడ్డదైతేంది, పాలాయనదైతేంది."

పాలాయన కాలు విరిగిన సంగతి అందరికీ తెలుసు. చర్చి నుంచి వస్తూ బండి తగిలి పడిపోయిన పంతులమ్మ సంగతీ తెలుసు. ఎవరూ ఫిర్యాదు ఇవ్వలేదు. పోలీసులు అబద్ధం రాయలేదు. మేమే ఏమీ జరగలేదన్నట్టు ఇంటికి వెళ్లిపోయాం.

తిరిగి వస్తుంటే ఒక మాట తట్టింది. రాజీ పడేది తర్వాత. ముందు ఎవరో ఒకరు వందకు ఫోన్ చేస్తారు, నాలాగే. ఆ ఫోన్ ఎక్కడో ఒకచోట రాసుకుని ఉండాలి కదా?

రెండో దరఖాస్తులో కేసుల ఊసెత్తలేదు. మా మలుపు నుంచి వందకు వెళ్లిన ఫోన్లు, బండి వచ్చి చూసి రాసిన వివరాలు ఇమ్మన్నాను. ఈసారి జవాబు బరువుగా వచ్చింది. పేర్లు, నంబర్ల మీద నల్లగా సిరా కొట్టేశారు. మిగిలినదంతా ఉంది. పాలాయన కాలు ఉంది. పంతులమ్మ ఉంది. ఒక పేజీలో మేమూ ఉన్నాం: 'రోడ్డు దాటుతున్న స్కూల్ పిల్లకు టిప్పర్ తగిలింది. స్వల్ప గాయం. ఇరువర్గాలు రాజీ. ఫిర్యాదు లేదు.' ప్రతి పేజీ చివరా అదే రాజీ. వంటగదిలో నిలబడి అవన్నీ చదువుతూ ఏడ్చాను. కానీ నా భయానికి ఆధారం ఉందని ఆ రోజే నాకు ధైర్యం వచ్చింది.

తీసుకెళ్లి ఇస్తే, ఇంజినీరు ఆ నకళ్లు ఉంచుకున్నాడు. కొన్ని వారాలకు అత్తమ్మ భయపడినట్టే జీపు మా ఇంటి ముందు ఆగింది. వాడకట్టంతా తలుపుల్లోకి వచ్చింది. ఎస్సై దిగి, మలుపు చూపించడానికి రమ్మన్నాడు. వెనకే ఇంజినీరు, టేపు పట్టిన మనిషి. అత్తమ్మ లోపలికి వెళ్లి అందరికీ మంచినీళ్లు తెచ్చింది. "మా కోడలే అడిగింది సారూ" అని వీధికి వినబడేలా చెప్పింది కూడా.

నిన్న సాయంత్రం మలుపుకు రెండు వైపులా సున్నంతో అడ్డగీతలు గీశారు. ఈ వారంలోనే స్పీడ్ బ్రేకర్లు వేస్తారట.

ఈ పొద్దున బస్సు కోసం నిలబడ్డప్పుడు పిల్లలకు ఆ గీతలు చూపించాను. ఇప్పుడు రాత్రి కూర్చుని రాస్తున్నాను గానీ, అప్పటి మాటలు ఇంకా చెవిలో ఉన్నాయి. గీతలు బండిని ఆపవు కాబట్టి చెయ్యి వదలొద్దని చెప్పాను. ఎవరికైనా దెబ్బ తగిలితే, పెద్దవాళ్లు తర్వాత ఏమనుకున్నా సరే, ముందు వందకు ఫోన్ చేయించాలని చెప్పాను. చిన్నవాడు తలూపాడు. నా కూతురు మాత్రం కొత్త బ్యాగు సర్దుకుంటూ, "పోలీసు కాయితంల నా పేరుందా మమ్మీ?" అని అడిగింది.

"పేరు కొట్టేసిన్రు బేటా. స్కూల్ పిల్ల అని రాసిన్రు. అది నువ్వే" అన్నాను.