జంట తీగల గ్రేస్ టీచర్

మా తార్నాక సందులో గ్రేస్ టీచర్‌ని ఎరగనివాళ్ళు లేరు. బాపట్ల నుంచి వచ్చి, లాలాపేట్‌లో ఒక బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ పేరు చెబితే మాత్రం ఎవరికీ లెక్కలు గుర్తుకురావు, మాండలినే గుర్తుకొస్తుంది. ఆదివారం చర్చిలో ఆవిడ వాయిస్తుంటే మా బాల్కనీలోకి వినపడుతుంది. పూజ చేసుకుంటూ ఆ కీర్తనలకు తల ఊపుతానని మా అత్తగారు కోప్పడతారు. అమ్మవారికి లేని అభ్యంతరం ఈవిడకెందుకో!

మాండలిన్‌కి తీగలు జంటలుగా ఉంటాయి. రెండింటినీ ఒకే వేలితో నొక్కి పట్టాలి. ఆ జంట వల్లే గలగలమని మోగుతుంది. టీచర్‌గారికి ఆ మోతంటే ప్రాణం, వాళ్ళ నాన్నగారు నేర్పిన విద్య మరి. పోయిన వర్షాకాలం నుంచి ఎడమచేతి వేళ్ళకు కీళ్ళవాతం పట్టుకుంది. ఒక తీగ పలికితే రెండోది బుస్సుమంటోంది. ఆ మాట ఆవిడ నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"దేవుడి ముందు తప్పులు వాయించలేనమ్మా అరుంధతీ. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారికి చెప్పేస్తాను, ఇంకెవర్నన్నా చూసుకోమని."

నాకు ఒళ్ళు మండింది. ఇంకెవరో వచ్చి కీబోర్డు మీద బటన్ నొక్కితే అదీ ఒక వాయింపేనా? ఆ వారమే యూనివర్సిటీ క్యాంపస్‌లో సంగీత వాద్యాల ఎగ్జిబిషన్ పెట్టారు. కొత్త రకం మాండలిన్లు వచ్చాయని, తీగలు మెత్తగా నొక్కుకుంటాయని విన్నాను. ఆవిడ వద్దంటున్నా వినకుండా ఆటో ఎక్కించాను.

హాల్లో డ్రమ్ముల మోతకు చెవులు చిల్లులు పడుతున్నాయి. మాండలిన్ల స్టాలు ఓ మూల ఉంది. తేనెరంగువి, నల్లనివి, కడుపు గుండ్రంగా ఉన్నవి గోడ నిండా వేలాడుతున్నాయి. వాటి చుట్టూ చేరిన మాండలిన్ పిచ్చివాళ్ళది వేరే కులం. నమస్కారం పెట్టుకునే ముందే ఒకళ్ళ ఎడమచేతి వేళ్ళ కొసలు ఇంకొకళ్ళు చూసుకుంటున్నారు, కాయలు కాశాయా లేదా అని. టీచర్‌గారు తన చేతిని పమిట కింద దాచేసుకున్నారు.

స్టాలు అమ్మాయి భూమిక ఒక తేనెరంగు మాండలిన్ తీసి ఇచ్చింది. "శృతి చేసే ఉన్నది మేడమ్, పొద్దుగాలనే మిషన్ పెట్టి చూసిన."

టీచర్‌గారు అలవాటుగా నడిమి రెండు జతలూ మీటి చూసుకున్నారు. నడుమ కుదిరితే అంచులూ కుదిరినట్టేనని వాళ్ళ నాన్నగారి మాట. తర్వాత ఒక కీర్తన ఎత్తుకున్నారు. నడిమి తీగల మీద సాఫీగా నడిచింది. ఆవిడ మొహం వికసించింది. పాట అంచునున్న పై తీగ ఎక్కగానే అపస్వరం. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అంతే. మాండలిన్ బల్ల మీద పెట్టేశారు.

"వేళ్ళే అనుకున్నాను, చెవి కూడా పోయిందమ్మా. ఇక పద," అన్నారు.

ఇంతలో ఒక పెద్దమనిషి చేతిలో చాయ్ కప్పుతో వచ్చాడు. లాలాపేట్ ఉమాపతి, రైల్వేలో పనిచేస్తాడట, కర్ణాటక సంగీతం వాయిస్తాడట. వస్తూనే ఆ మాండలిన్‌నే మీటి, "నా శృతి అట్లనే ఉన్నది, మంచిగైంది," అన్నాడు. చాయ్‌కి పోయేముందు అంచు తీగలు రెండు జతలూ తన పద్ధతికి మార్చుకుని పోయాడన్నమాట!

"అంగట్లో పెట్టినదాన్ని మీ ఇష్టం వచ్చినట్టు తిప్పేసి పోతారా? ఇదేమన్నా మీ అత్తారిల్లా?" అని విరుచుకుపడ్డాను.

"ఏం జేయాలమ్మా, చేతిల వడితె బిరడ తిప్పకుంట ఉండలేం. మాండలినోళ్ళందరికి గదే బీమారి."

టీచర్‌గారు ఫక్కున నవ్వారు. "ఆయన్ని తిట్టకే. ఇందాక పక్క స్టాల్లో నేనూ ఒకదాని బిరడ తిప్పేసి వచ్చాను."

చెవి పోలేదని తేలింది, సంతోషమే. భూమిక శృతి సరిచేసి ఇచ్చాక ఆవిడ మళ్ళీ వాయించారు. స్వరం సరిగ్గానే పలికింది కానీ, రెండో చరణానికి వేళ్ళు మొరాయించి జంట తీగ బుస్సుమంది. ఎంత కొత్త మాండలినైతేనేం, జంట జంటే కదా.

ఉమాపతి ఆ వేళ్ళు చూశాడు. సంచిలోంచి తన మాండలిన్ తీశాడు. దానికి జంటల్లేవు, అన్నీ ఒంటి తీగలే. కర్ణాటక పద్ధతిలో వాయించేవాళ్ళు అలాగే కట్టుకుంటారట.

టీచర్‌గారు మొహం చిట్లించారు. "ఒంటి తీగ మాండలినా? రెండు చేతులు కలిస్తేనే చప్పట్లండీ."

"దేవుడు గొంతు ఒక్కటే ఇచ్చిండు గద టీచరమ్మ. పాడుతలేమా?"

ఆయన తన మాండలిన్‌ని ఆవిడ శృతికి మార్చడం మొదలుపెట్టాడు. పై తీగ బిగిస్తుంటే తెగుతుందేమోనని నేను భయపడ్డాను. "తెగితె తెగనియ్," అన్నాడు. ఆ మనిషిని తిట్టినందుకు సిగ్గేసింది.

గ్రేస్ టీచర్ పమిట కింది నుంచి చేయి బయటికి తీశారు. అన్ని చరణాలూ వాయించారు. ఎక్కడా బుస్సుమనలేదు. అయితే ఆ గలగలా లేదు. సన్నగా, ఒంటరిగా పలికింది. ఏమీ కొనకుండా ఇంటికొచ్చాం. శనివారం సాయంత్రం ఆవిడ తన పాత మాండలిన్ ఒళ్ళో పెట్టుకుని, జతకొకటి చొప్పున తీగలు ఊడదీశారు. ప్రాణంగా చూసుకున్నదాన్ని తన చేత్తోనే తీసెయ్యడానికి ఎంత గుండె ఉండాలి!

ఆదివారం నేనూ వెళ్ళి చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాను. అక్కడ అందరూ గొంతెత్తి పాడతారు, పైగా డోలకొకటి. మొదటి చరణంలో ఆవిడ వాయింపు ఎక్కడా వినపడలేదు. లేచి అందర్నీ నోర్ముయ్యమందామనుకున్నాను. టీచర్‌గారు తల వంచుకుని వాయిస్తూనే ఉన్నారు.

రెండో చరణంలో నా పక్కనున్న చిట్టెమ్మగారు ఉన్నట్టుండి గొంతు తగ్గించేశారు. ముందు వరస తగ్గింది. డోలక్ ఆగిపోయింది. చర్చి మొత్తం కూనిరాగంలా పాడుతోంది, ఆ సన్నని తీగ ఒక్కటీ స్పష్టంగా వినపడుతోంది.

"ఏమైందండీ?" అన్నాను చిట్టెమ్మగారి చెవిలో.

"వర్షాకాలం నుంచీ టీచరమ్మ తీగలు బుస్సుమంటున్నాయి కదమ్మా. అది ఆవిడ చెవిన పడకూడదని గట్టిగా పాడుతున్నాం. ఇవాళ బాగా పలుకుతోందిగా, ఇక అరవడం ఎందుకు?"

నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఎవరికీ తెలియదనుకున్నది ఆవిడా నేనూ ఇద్దరమే.

ఆరాధన అయ్యాక గ్రేస్ టీచర్ తిన్నగా పాస్టరుగారి దగ్గరికి నడిచారు. ఆ మాట చెప్పేస్తారేమోనని నేనూ వెనకే పరుగెత్తాను.

"పాస్టరుగారూ, వచ్చే ఆదివారం పాటలేవో ఇప్పుడే చెప్పండి," అన్నారావిడ. "నాకు ఈ తీగలు కొత్త, సాధన చేసుకోవాలి."