చుట్టుదారి కొన్న యంత్రం

మా మరిదిని వీధిలో అందరూ చుట్టుదారి అంటారు. ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించే రకం. రక్తపరీక్షల ల్యాబులో పని. పొద్దున్నే మా పేట ఇళ్లలో తీసిన రక్తం గొట్టాలను చల్లపెట్టెలో సర్దుకుని, మోటారు సైకిలు మీద ల్యాబుకు చేరవెయ్యాలి. ఆలస్యమైతే రక్తం పాడవుతుంది, జనాన్ని మళ్లీ పొడవాలి. ఈమధ్య అలా అయింది కూడా. ఇంకొక్కసారి జరిగితే పని వేరేవాళ్లకిస్తానని ల్యాబు మేడమ్ మొహమ్మీదే చెప్పింది. జుట్టు నెరిసినవాణ్ణి పిలిచి పనిచ్చేదెవరు?

ఆలస్యం ఎందుకో నాకు తెలుసు. మా పేట నుంచి ల్యాబుకు తిన్నగా పోయే సందు ఒకటుంది. అందులోనే మా ఆయనా, ఇతనూ కలిసి మోటారు సైకిళ్ల రిపేరు షెడ్డు నడిపారు. ఆయన పోయాక ఇతనొక్కడే కొన్నాళ్లు ఈడ్చి, ఇక ఈడ్వలేక తాళం ఓనరు చేతిలో పెట్టేశాడు. అప్పటి నుంచి ఆ సందు మొహం చూడడు. పెద్దరోడ్డెక్కి, వంతెన దిగి, ఊరు మొత్తం ప్రదక్షిణం చేసి వెళ్తాడు.

అడిగితే తప్పు ఫోను మీద పెడతాడు. "దారి చూసుకుంటుంటే సరిగ్గా మలుపు దగ్గరే మేడమ్ ఫోనొస్తుంది వదినా, ఎక్కడున్నావ్ అని. మ్యాపు మాయమైపోతుంది. విడిగా దారి చూపే యంత్రం ఉంటే చాలు."

చెప్పీ చెప్పీ నా నోరు అలిసిపోయింది. మనిషి మాట చెవికెక్కనివాడికి యంత్రం మాటైనా ఎక్కుతుందేమోనని, కొట్టుకు తోడు వెళ్లాను.

కొట్టాయన మొదట అరచెయ్యంత తెరున్నది తీశాడు. పాటలు పాడుతుందట, వాన సంగతి చెబుతుందట. ధర వినగానే మా మరిది దాన్ని వేడి గిన్నెలా కింద పెట్టేశాడు. రెండోది చిన్నది, గుండ్రంగా ఉంది, బాణం గుర్తొక్కటే చూపిస్తుంది. చవకే.

"ఫోను ఆగిపోతే?" అన్నాన్నేను.

"ఇదీ ఆగిపోతుందమ్మా. ఫోన్లోంచే దారి తీసుకుంటుంది."

"మరి ఫోనొస్తే?"

"అదీ ఇందులో కనిపిస్తుంది."

"అయితే ల్యాబు మేడమ్‌ని బండికి కట్టుకున్నట్టే."

మూడోది అద్దాల బీరువా అడుగున ఉంది. పాత మోడలట, అందుకే ధర తగ్గించారట. ఫోనుతో పని లేదు, శాటిలైట్ నుంచి తనే తెలుసుకుంటుంది. పక్కన లావుపాటి మీటలు, చేతికి తొడుగులున్నా నొక్కొచ్చు.

"దీంట్లో పాటలు రావమ్మా," అన్నాడు కొట్టాయన.

"మావాడికి రోజూ వినిపిస్తూనే ఉన్నార్లే."

మా మరిది డబ్బు తియ్యబోయాడు. చెయ్యి పట్టుకున్నాను. నీడలో అన్ని తెరలూ వెలుగుతాయి. బయటికి తీసుకెళ్లి ఎండలో పెట్టించాను. గీత గీతా కనిపించింది. నీళ్లు కూడా చల్లించాను. కొట్టాయన నిట్టూర్చాడు. నిట్టూరిస్తే నాకేం, కొనేది మేము.

ఇంటికొచ్చేటప్పుడు యంత్రం ఆ సందులోకి తిరగమంది. ఇతను వినిపించుకోకుండా పెద్దరోడ్డెక్కాడు. అది కాసేపు తెల్లమొహం వేసి, ఇంకో దారి గీసుకుంది. మళ్లీ కాదన్నాడు. మళ్లీ గీసుకుంది.

"చూశావా వదినా, ఎన్నిసార్లు కాదన్నా తిట్టదు."

"దానికి ఆకలెయ్యదుగా," అన్నాను. ఇంటికి చేరేసరికి నా నడుం నాది కాదు.

మర్నాడు నాకు షుగరు పరీక్ష. పరగడుపున అతని వెనకే కూర్చున్నాను, ఒళ్లో చల్లపెట్టె. ఆఖరి ఇంట్లో ముసలాయనకు నరం దొరక్క అప్పటికే ఆలస్యమైంది. సందు మొదట్లో బాణం ఎడమకు తిరిగింది. బండి ఆగింది.

వెనక ఎవరో హారను కొడుతున్నారు. పెట్టెలో ఎవరెవరి రక్తమో నా ఒళ్లో చల్లగా తగులుతోంది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశాను. నోరు మూసుకోవడం నాకెంత కష్టమో అతనికి తెలుసు.

ఎడమకు తిప్పాడు.

షెడ్డున్న చోట ఇప్పుడు పరుపులు అమ్ముతున్నారు. గడప ముందు నేల మీద నూనె మరక ఇంకా నల్లగానే ఉంది. అతను చూశాడో లేదో, నాకు వీపే కదా కనిపించేది. నేను మాత్రం చూశాను. మా ఆయన కూర్చునే చోటు అది.

ల్యాబు మేడమ్ పెట్టె తెరిచి, గొట్టాలు ముట్టుకుని చూసింది. "ఇవాళ భలే తొందరగా వచ్చావే బాబాయ్."

"యంత్రం తెచ్చిందమ్మా," అన్నాడు.

యంత్రమేనట. నేను చెయ్యి చాపి రక్తం ఇచ్చాను. అతను గోడకు ఆనుకుని నిలబడి హెల్మెట్ తీశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దుమ్ము అన్నాడు.

"అవును, ఆ సందులో దుమ్మెక్కువ," అన్నాను. "తిరిగేటప్పుడు కూడా అటే పోనీ. నాకు ఆకలేస్తోంది."