పెదనాన్నకి వినిపించిన రాయి

పల్నాడులో పుట్టినవాణ్ని కాబట్టి నేను చెప్పేది వీరగాథే అయ్యుండాలి. అన్నీ కుదిరాయి కూడా. కొండ కింద పూడిపోయిన కోట ఉంది. ఏడాదిగా దేశదేశాలవాళ్ళు వెతుకుతున్న రహస్య ద్వారం ఉంది. చేతిలో సుత్తి పట్టుకుని ఒంటరిగా ముందుకు నడిచే వీరుడున్నాడు.

కాకపోతే కోట టీవీలో ఉంది. సుత్తి కూడా టీవీలోదే. వీరుణ్ని నడిపించే నేను దుర్గిలో మా పెదనాన్న ఇంట్లో చాప మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో మరమరాల గిన్నె పెట్టుకుని కూర్చున్నా. కాబట్టి వీరగాథ సంగతి మర్చిపోండి. జరిగింది జరిగినట్టు చెప్తా.

దెయ్యాలూ మహిమలూ నేను నమ్మను. నరసరావుపేటలో సెల్‌ఫోన్ రిపేరు షాపులో పని చేస్తా. "ఫోను దానంతటదే మోగుతోంది, ఎవరో ఏదో చేశారు" అంటూ నెలకి ఇద్దరన్నా వస్తారు. ఇన్నేళ్ళలో నాకు దొరికిన దెయ్యాలు మూడు: తడిసిన ఛార్జింగ్ పిన్ను, ఉబ్బిన బ్యాటరీ, తేడా చేసిన డూప్లికేట్ స్క్రీను. నాలుగోది ఇంతవరకూ కనపడలేదు.

మొన్న దసరాకి శుక్రవారం పండగ, శని ఆదివారాలు కలిసొచ్చి మూడు రోజులు సెలవులు. మా బ్యాచ్ మూడు రోజులూ ఏం చేసిందో చెప్తే మీకు మా జిల్లా మీద గౌరవం పెరుగుతుంది. చిలకలూరిపేటలో మా ఫ్రెండ్ వారమంతా పత్తి లారీ తోలుతాడు, సెలవొస్తే ఫోన్‌లో లారీ గేమ్ ఆడతాడు. మాచర్లలో ఇంకొకడు ట్రాక్టర్ గేమ్‌లో నలభై ఎకరాలు దున్నాడు. వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, మన ట్రాక్టర్ షెడ్డులోనే ఉంది రా, దానికీ ఒక వేలు తగిలించు" అన్నాడంట. మిగతావాళ్ళు తుపాకుల గేమ్‌లో ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుని, సాయంత్రం ఒక్కో బండి మీద ముగ్గురు చొప్పున ఎక్కి బజ్జీలకి పోయారు.

నేను దుర్గి పోయా. కారణం మా పెదనాన్న కూతురు శిరీష. హైదరాబాద్‌లో ఉద్యోగం. పండక్కి ఇంటికొస్తూ బట్టలు తక్కువ, గేమ్ మెషీన్ ఎక్కువగా బ్యాగు సర్దుకుని వచ్చింది. మా అందరిలో నిజమైన ప్లేయర్ అదే. నేను ఎప్పుడూ గోడకి గుద్దుకునే రకం.

అది తెచ్చిన గేమ్ మొత్తం రాతి కట్టడాలే. గుహలు, స్తంభాలు, మండపాలు. వీరుడు సుత్తితో గోడలు తట్టుకుంటూ దారులు కనుక్కోవాలి. గేమ్ చేసినవాళ్ళు ఒక మాట వదిలారు: ఇందులో ఒక గది ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు, రెండో భాగం ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది అని. ఇక చూస్కోండి. రెండో భాగం కోసం ఎదురుచూసే వాళ్ళంతా గోడలు తట్టే పనిలో పడ్డారు. శిరీష చేరిన గ్రూపులో వాళ్ళు ఏ రాయి తట్టారో, ఏది తట్టలేదో మ్యాపులు గీసి పెట్టుకున్నారు. వెక్కిరిద్దామని చూశా గానీ, ఆ ఓపిక చూస్తే నోరు రాలేదు. మా షాపులో ఆ ఓపిక నాకుంటే ఈపాటికి ఓనర్ని అయ్యుండేవాణ్ని.

ఇప్పుడు మా పెదనాన్న గురించి చెప్పాలి. ఆయన శిల్పి. దుర్గిలో ఆ పని చేసే ఇళ్ళు చాలా ఉన్నాయి, కానీ రాయి ఎంచాలంటే అందరూ ఈయన్నే పిలిచేవాళ్ళు. రాయిని తట్టి, ఒక్క క్షణం తల వంచి విని, "పనికొచ్చిద్ది" అనో "మూగది, వదిలెయ్" అనో చెప్పేవాడు. లోపల పగులున్న రాయి మోగదు, అందుకని మూగది అంటారు. నలభై ఏళ్ళలో ఆయన మాట తప్పలేదు.

పోయిన ఎండాకాలం తప్పింది. ఆయన ఎంచిన రాయితోనే నంది చెక్కాడు. తీసుకెళ్ళడానికి, చెక్కమన్న ఊరివాళ్ళు బండి కట్టుకొచ్చి వాకిట్లో కూర్చున్నారు. కళ్ళకి ఆఖరి మెరుగు పెడుతుంటే మూతి దగ్గర నుంచి చెవిదాకా విచ్చుకుపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆయనకి ఎక్కువ తగిలింది.

గుంటూరు తీసుకెళ్ళి చెవులు చూపిస్తే, సన్నటి శబ్దాలు దాదాపు వినపడటం లేదన్నారు. చెవి మెషీన్ ఇచ్చారు. ఆయన దాన్ని బీరువాలో పెట్టి, సుత్తి కూడా మూల పెట్టేశాడు.

మా ఇళ్ళల్లో దసరాకి పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజలో ఉంచుతారు. పండగనాడు పెడితే ఈసారి మళ్ళీ సోమవారం పొద్దునే తీసేది. అప్పటిదాకా ముట్టుకోరు. కానీ పెదనాన్న తన సుత్తి, ఉలులు పూజకి ఇవ్వలేదు. పెద్దమ్మ అడిగితే, "పని చేసేవి పెడతారు గానీ, చెయ్యనివి ఎందుకే" అన్నాడు. పీట మీద ఆ చోటు ఖాళీగా ఉంది. శిరీష చూసి చూసి, గేమ్ కంట్రోలర్‌కి బొట్టు పెట్టి అక్కడ ఉంచింది. పెద్దమ్మ నవ్వలేదు.

"రిమోట్‌కి దండం పెట్టాల్సొచ్చిందా నేను," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

శిరీష గబుక్కున దాన్ని తీసేసింది. ఇంకో పక్క, అచ్చంపేట నుంచి గుడి కమిటీవాళ్ళు సోమవారం వస్తామన్నారు, ఆంజనేయస్వామి విగ్రహం చెక్కుతారా చెక్కరా తేల్చమని. చెక్కను అని చెప్పడానికి పెదనాన్న సిద్ధంగా ఉన్నాడు. ఆ మాట ఒకసారి బయటికి అన్నాడంటే ఇక మళ్ళీ ఉలి పట్టడని ఇంట్లో అందరికీ తెలుసు. మూడు రోజుల సెలవులు మాకు అలా నడుస్తున్నాయి.

శుక్రవారం సాయంత్రం గేమ్ పెడితే పెదనాన్న వచ్చి వెనక పడక్కుర్చీలో కూర్చున్నాడు. ఇదేదో తిట్టడానికి అనుకున్నాం. కాదు. స్తంభాలు చూస్తున్నాడు.

"ఇది చెక్కినోడెవడో పనోడే రా. ఆ తామర రేకు మడత చూడు. ఆ ఏనుగు మోకాలు మాత్రం చెడగొట్టాడు."

కంప్యూటర్‌లో గీస్తారు పెదనాన్నా అని చెప్పబోయా. శిరీష మోచేత్తో పొడిచింది. ఆర్నెల్ల తర్వాత ఆయన రాయి గురించి మాట్లాడటం అదే మొదలంట.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దమ్మ పక్క గదిలో పడుకుంది. చప్పుడు చెయ్యకూడదని హెడ్‌ఫోన్స్ కంట్రోలర్‌కి గుచ్చా. అలా గుచ్చితే టీవీలో సౌండ్ ఆగిపోతుంది. హెడ్‌ఫోన్స్ నా చెవులకున్నాయి. శిరీష పక్కన కూర్చుని ఫోన్‌లో మ్యాపు చూస్తూ, "ఈ వరస అయింది, పై వరస కొట్టు" అని చెప్తోంది. పెదనాన్న వెనక కుర్చీలో ఉన్నాడు. ఆయన చెవి మెషీన్ బీరువాలో ఉంది. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

పొడుగాటి మండపంలో గోడంతా ఒకేలాంటి రాళ్ళు. ఒక్కో రాయికి ఒక్కో దెబ్బ. టక్, టక్, టక్. అరగంటయ్యేసరికి నాకు కునుకొస్తోంది. అప్పుడు భుజం మీద చెయ్యి పడింది.

హెడ్‌ఫోన్స్ తీశా. "ఏంది పెదనాన్నా?"

"ఆ వెనకదాన్ని దాటేశావు. మళ్ళీ కొట్టు."

"ఏదీ?"

"మూడు వెనక్కి పో. అది మూగది రా. మిగతావన్నీ పలికినయ్యి, అదొక్కటే పలకలా."

శిరీష నా మొహం చూసింది. నేను టీవీ మొహం చూశా. టీవీలో సౌండ్ లేదు. ఆ సంగతి ఆయనకి చెప్పడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. పెద్దాయన భ్రమ పడుతున్నాడనుకుని, ఆయన మాట తీసెయ్యకూడదని మూడు వెనక్కి పోయి ఒక దెబ్బ కొట్టా. ఏం కాలేదు. నాకు అదే టక్ వినిపించింది.

"అట్లా కాదు రా చంద్రం. ఒక్క దెబ్బ కొట్టి పోతే రాయి ఏం చెప్పుద్ది? నాలుగు మూలలూ తట్టు. ఆ తర్వాత నడుమ."

ఆయన బయట ఏ రాయినైనా అలాగే తడతాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ టీవీలో రాయిని అలా కొట్టాలని నాకు తట్టలేదు, శిరీషకి తట్టలేదు, మ్యాపులు గీసుకున్న ఆ జనంలో ఎవరికీ తట్టలేదు. అందరం రాయికొక దెబ్బ చొప్పున లెక్క పెట్టుకుంటూ పోయాం.

నాలుగు మూలలూ కొట్టా. నడుమ కొట్టా.

గోడ లోపలికి జరిగింది.

శిరీష అరిచిన అరుపుకి పెద్దమ్మ లేచొచ్చింది. పక్కింటివాళ్ళు కూడా వచ్చారు. దేశదేశాలవాళ్ళు ఏడాదిగా వెతికిన గది మా దుర్గిలో, మధ్యాహ్నం రెండున్నరకి దొరికింది. లోపల ఏముందా అని అందరం ఊపిరి బిగబట్టి చూశాం. ఇంకో తలుపుంది. దాని మీద "ఇది రెండో భాగంలో తెరుచుకుంటుంది" అని రాసుంది.

"ఇందుకా ఏడాది నుంచి కొట్టుకుంటున్నారు?" అన్నాడు పెదనాన్న.

శిరీష వీడియో గ్రూపులో పెట్టింది. ఎలా కనిపెట్టారని వందల మంది అడిగితే, "మా నాన్న విన్నారు" అని రాసింది. ఎవరూ నమ్మలేదు. ఒకతను మాత్రం మర్యాదగా, ఆయన వాడే హెడ్‌ఫోన్స్ ఏ కంపెనీవి అని అడిగాడు.

అప్పుడు మెల్లగా ఆయనకి చెప్పాం, టీవీలో సౌండే లేదని. పెదనాన్న మమ్మల్ని ఎగాదిగా చూసి, "మీరే చెవులు చూపించుకోండి" అన్నాడు.

మెకానిక్‌ని కాబట్టి పరీక్షలు మొదలెట్టా. హెడ్‌ఫోన్స్‌ని శిరీష తలకి పెట్టి, నేను పడక్కుర్చీలో కూర్చున్నా. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నా చెవులకి ఏ రోగమూ లేదు. బీరువాలో మెషీన్ చూశా, దాంట్లో బ్లూటూత్ లేదు, బ్యాటరీ కూడా వెయ్యలేదు. దెబ్బకి కంట్రోలర్ కొంచెం అదురుతుంది గానీ, అది నా చేతుల్లో ఉంది, అన్ని రాళ్ళకీ ఒకేలా అదిరింది.

శిరీష అంతకన్నా మొండిది. రాత్రికల్లా గేమ్ ఫైళ్ళు ల్యాప్‌టాప్‌లో విప్పింది. ఆ గోడలో రాళ్ళన్నిటికీ బొమ్మ ఒకటే, అతికించుకుంటూ పోయారు. సుత్తి దెబ్బకి శబ్దం ఒకటే ఫైలు. ఆ రాయికి వేరే శబ్దం లేదు. అంటే సౌండ్ పెట్టినా అక్కడ వినడానికి ఏమీ లేదు.

గుడ్డిగా చెప్తే తగిలిందేమో అని నేనన్నా. "మరి మూలలు?" అంది శిరీష.

ఆదివారం పొద్దున నాకు మెలకువ వచ్చింది సుత్తి చప్పుడుకి. టీవీది కాదు. వాకిట్లో పెదనాన్న రాళ్ళు తడుతున్నాడు. ఊళ్ళో మిగతా శిల్పుల సుత్తులన్నీ పూజలో ఉన్నాయి. ఈయన పెట్టలేదు కాబట్టి ముట్టుకోవడానికి ఈయనకి అడ్డం లేదు. వీధంతటికీ వినపడింది ఆ ఒక్క సుత్తే. జనం పళ్ళు తోముకుంటూనే బయటికొచ్చి చూశారు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. పొయ్యి మీద పాలు పొంగినా పోలేదు.

ఆయన నాలుగు రాళ్ళు చూసి, రెండేళ్ళుగా మంచిదని దాచిన పెద్ద రాయి దగ్గర ఆగాడు. తట్టాడు. తల వంచాడు. "మూగది" అని సుద్దముక్కతో అడ్డంగా గీత పెట్టాడు. పక్కనున్న మామూలు రాయి మీద చెయ్యేసి, "ఇది" అన్నాడు.

సోమవారం అచ్చంపేటవాళ్ళు వచ్చారు. పెదనాన్న వాళ్ళకి కాఫీ ఇప్పించి, విగ్రహం ఎత్తెంత, చూపు ఏ దిక్కుకి అని అడిగాడు. చెక్కుతానని నోటితో అనలేదు. కొలత తాడు తెమ్మని పెద్దమ్మకి చెప్పాడు. ఆవిడ పరిగెత్తింది.

గీత పెట్టిన పెద్ద రాయిని తర్వాత మిషన్ మీద కోయించారు. నడుమ వెంట్రుకంత పగులుంది. ఆంజనేయస్వామి మాత్రం ఒక్క గీటు లేకుండా పూర్తయి అచ్చంపేట చేరాడు. నేను అంతటి పనితనం దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. తోక మీద వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. దాని గురించి జోకు వేద్దామని చానా ప్రయత్నించా, రాలేదు.

మధ్యలో ఒకసారి గుంటూరు తీసుకెళ్ళి చెవులు మళ్ళీ పరీక్ష చేయించాం. రిపోర్టు పాతదే. వినికిడి ఇంకొంచెం తగ్గింది కూడా. ఆయన ఎలా విన్నాడో డాక్టరుగారికీ తెలీదు, శిరీషకీ తెలీదు, నాకూ తెలీదు. ఆయన్నడిగితే, "రాయి కదా, చెప్పుద్ది" అంటాడు.

రెండో భాగం పోయిన వారం వచ్చింది. అది ఎక్కాలంటే గేమ్ మెషీన్‌లో నూట నలభై జీబీ ఖాళీ ఉండాలి. శిరీష దాంట్లో ఖాళీ ముప్ఫై ఒకటే ఉంది. ఆ తలుపు మాకింకా తెరుచుకోలేదు.