బావ మిల్లులో నేను కనిపెట్టిన మంట

ఆ రోజు తప్పు నాదే. మిర్యాలగూడలో చక్కగా నడుస్తున్న మా బావ రైసు మిల్లును నేనే ఆపించాను. అక్కడ మంట లేదు, పొగ లేదు. ఉన్నదల్లా నా చదువు. ఎంత ఘోరం జరిగిందో చెబుతాను, మీరు నవ్వుకోవచ్చు.

నా ఉద్యోగం ఒక ఫ్యూజన్ ప్రయోగశాలలో. సూర్యుడిలా మండే వాయువును అయస్కాంతాలతో పట్టి ఉంచే యంత్రం అక్కడ ఉంది. ఒక్కోసారి అందులో కొన్ని ఎలక్ట్రాన్లు అదుపు తప్పి, సూర్యాపేట బస్టాండులో సీటు కోసం ఉరికే జనంలా దూసుకెళ్లి గోడను కాలుస్తాయి. ఎక్కడ కాలుతోందో ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో చూసి చెప్పడం నా పని. సొంతానికి కొనుక్కున్న అలాంటి చిన్న కెమెరాను, గొప్ప చూపించుకోవడానికి, సెలవుల్లో అక్కావాళ్లింటికి తెచ్చాను.

ఉడికించిన వడ్లను ఆరబెట్టడానికి బావ కొత్త డ్రయ్యర్ పెట్టించాడు. పైన తళతళలాడే స్టీలు తొడుగు. కెమెరా పెట్టగానే దానిమీద ఎర్రటి మచ్చ కనిపించింది.

"బావా, లోపల వడ్లు అంటుకున్నయి. ఆపించు."

"పొగ లేదు గద బామ్మర్దీ."

"పొగ వచ్చేదాంక ఆగితే మిల్లే ఉండదు."

"జర ఆలోచించి చెప్పు. తడి వడ్లు కుప్ప పోస్తే వాసనొస్తయి. రేపు కోదాడ సేటుకు లోడు పోవాలె. ఆయనది మొదటి ఆర్డరు."

"సూర్యునసొంటి మంటనే చూసేటోణ్ని నేను. నీ డ్రయ్యరెంత?"

పాపం, నమ్మాడు. వడ్లన్నీ గచ్చు మీదికి దింపించాడు. వడ్లు దిగాయి గానీ మచ్చ పోలేదు. పైగా నేను పక్కకు జరిగితే అదీ జరిగింది.

"మంట ఉరుకుతున్నది బావా," అంటూ దాని వెంటపడ్డాను. డ్రయ్యర్ చుట్టూ ప్రదక్షిణ పూర్తయింది. చాయ్ తెచ్చిన అక్క గుడ్లప్పగించి చూస్తోంది. చెమట తుడుచుకుందామని చెయ్యెత్తాను.

మచ్చ కూడా చెయ్యెత్తింది.

మెరిసే లోహం వేడిని అద్దంలా చూపిస్తుంది, మచ్చను నమ్మే ముందు అది ప్రతిబింబమేమో చూసుకోండి అని కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం చెప్పేది నేనే.

"ఎంత వేడున్నదంట?" అంది అక్క.

అంతసేపూ రంగు చూశానే తప్ప అంకె చూడలేదు. "ముప్పై నాలుగు డిగ్రీలు," అన్నాను.

"అంటే జరం గూడ లేదు," అన్నాడు బావ.

లుంగీ ఎగ్గట్టి తట్ట పట్టాను. హమాలీలతో పాటు నేనూ మోశాను. వాసన పట్టకముందే వడ్లు మళ్లీ డ్రయ్యర్‌లోకి చేరుతున్నాయి. కోదాడ లోడుకు ఢోకా లేదని తేలాక ఊపిరి పీల్చుకుని, బొబ్బలెక్కిన అరచెయ్యి చాచి ప్రమాణం చేశాను.

"నా మొహాన్ని అగ్నిప్రమాదమని ఇకమీదట ఎవ్వరికీ చెప్పను."

"ముందుగాల ఆ మూలకున్నయి ఎత్తు," అన్నాడు బావ.

ఎత్తాను.