ఉప్పు వాసన కోసం ఆళ్లగడ్డకు

నంద్యాల బస్టాండులో తెల్లవారుజామున నాలుగూ యాభైకి ఆళ్లగడ్డ వైపు వెళ్లే పల్లెవెలుగు బస్సు ఎక్కాను. గంటా పావు ప్రయాణం. ఆ మాత్రానికి యాత్రని పేరు పెట్టాలా అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. నా ముప్పై ఏళ్ల బతుకులో ఇంత భయంతో నేనెప్పుడూ బస్సెక్కలేదు.

సంగతి ఇది. నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుంటాను. రెండేళ్లుగా సాయంత్రాలు ఒక రెస్టారెంటు వంటింట్లో పని నేర్చుకుంటున్నాను. పోయిన నెల బెంగళూరులో ఒక పెద్ద హోటలువాళ్లు నాచేత వండించి చూసి ఉద్యోగం ఇస్తామన్నారు. కూరగాయలు తరిగే అట్టడుగు పనే, అయినా చెఫ్ కావాలంటే అక్కడి నుంచే ఎక్కాలి. వస్తానో రానో ఈ సాయంత్రం ఆరులోపు చెప్పాలి. ఇంట్లో ఈ మాట ఎత్తితే మా నాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఒకే మాట అన్నాడు. "ఓబులేసు కాడికి పో. ఒక పూట వాని పక్కన నిలబడు. వాడు సరేనంటే బెంగుళూరుకు పో. కాదంటే ఇంగ ఆ మాటెత్తాకు."

ఓబులేసు మా అమ్మకు పిన్నమ్మ కొడుకు, నాకు మామ. ముప్పై ఏళ్లుగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల వ్రతాలకూ గృహప్రవేశాలకూ వండుతున్నాడు. దేవుడికి నైవేద్యం పెట్టే వంట కాబట్టి ముందుగా ఎవరూ నోట్లో వేసుకోకూడదు, వేసుకుంటే ఎంగిలి. ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన పట్టి చెప్పగలడని మామకు పేరు. మా నాయన నమ్మే వంటవాడు ప్రపంచంలో ఆయనొక్కడే.

బస్సులో నా పక్కన శిరివెళ్ల మెట్ట దగ్గర దిగే పెద్దాయన కూర్చున్నాడు. ఒళ్లో గోంగూర మూట. "యాడికప్పా ఇంత పొద్దున్నే?" అని అడిగాడు. వంట నేర్చుకోవడానికని చెప్పాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"మీ ఇంట్లో ఆడోళ్లు లేరా?"

ఉన్నారన్నాను. "మరి నీకేం కర్మ?" అని మూట మీద తల వాల్చి కునుకు తీశాడు. ఆ ప్రశ్న నన్ను ఆళ్లగడ్డ దాకా తొలిచింది.

ఆరూ పదికి ఆళ్లగడ్డలో దిగాను. బస్టాండు ఎదురుగా వేడివేడి బొరుగుల ఉగ్గాని, బజ్జీ దొరుకుతుంది. వెళ్లేవాళ్లు ఆకలితో వెళ్లండి, బాగుంటుంది. నాకు మాత్రం రెండు ముద్దలకు మించి దిగలేదు. అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే శిల్పాలు చెక్కే షెడ్లు, వాటి వెనక వీధిలో ఆ రోజు మామ వండుతున్న గృహప్రవేశపు ఇల్లు. అంత పొద్దున్నే ఉలి చప్పుడు మొదలైంది. గుమ్మానికి కట్టిన మామిడాకుల మీద అప్పటికే సన్నగా రాతిదుమ్ము పడింది.

పెరట్లో మూడు పొయ్యిలు మండుతున్నాయి. మామ లుంగీ ఎగగట్టి ఉన్నాడు, పోయిన ఏడాదికీ ఇప్పటికీ బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి, "వచ్చినావా అల్లుడా? కాళ్లు కడుక్కోనిరా. ఇది దేవుని వంట, యాదుండాది గదా?" అన్నాడు. ఆయన దగ్గర ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న సుంకన్న నాకు ఒక కొత్త తువ్వాలు ఇచ్చాడు. నా చొక్కా జేబులో ఎప్పటిలాగే చెంచా ఉంది. రుచి చూడకుండా ఏదీ వంటిల్లు దాటకూడదని రెస్టారెంటులో మొదటి రోజే నేర్పించారు. అప్పటి నుంచి అది లేకుండా నేను పొయ్యి దగ్గరికి పోను.

నాలుగు వందల మందికి వంట. తొమ్మిదింటికల్లా ఓళిగల పూర్ణం, చిత్రాన్నం అయ్యాయి. మామ చేతులు చకచకా కదులుతుంటే చూడడం నాకెంతో ఇష్టం. పిడికిలితో ఉప్పు తీస్తాడు, వేళ్ల సందు నుంచి ఒక్క గింజ జారదు. కానీ ఒక వింత గమనించాను. మామిడికాయ పప్పు డేగిసాలో ఉప్పు వేశాడు. పాయసం పొయ్యి వైపు వెళ్లొచ్చాడు. ఒక నిమిషం ఆ పప్పుకేసి చూస్తూ నిలబడి, మళ్లీ ఉప్పు అందుకున్నాడు. రెండో విడత అనుకున్నాను. మాస్టర్‌ను అడిగే ధైర్యం నాకెక్కడిది?

పదిన్నరకు నన్ను పిలిచాడు. "ఈ పప్పు ఆవిరి పట్టి ఉప్పెట్లుందో చెప్పు. మీ నాయన నిన్ను పంపింది దీనికే."

ఆ మాట చెప్పి పూజారి పిలుస్తున్నాడని లోపలికి పోయాడు. సుంకన్న ఆకులు కడుగుతున్నాడు. నేను డేగిసా మీదికి వంగాను. మామిడికాయ పులుపు, ఇంగువ, ఎండుమిరపకాయ, నెయ్యి, అన్నీ తెలుస్తున్నాయి. ఉప్పు మాత్రం లేదు. మళ్లీ పట్టాను, కళ్లు మండాయి. ఏదో ఒకటి చెప్పేయొచ్చు, తప్పయితే మళ్లీ ఆ ల్యాబే, నాయన ముడుచుకున్న మూతే, అంతే. కానీ నాకు ఆ బెంగళూరు కావాలి. వీపు అందరి వైపు తిప్పి జేబులోంచి చెంచా తీశాను.

పప్పు ఉప్పుకషాయం. నోట్లో పెట్టుకోలేకపోయాను. ఎలాగో మింగి, చెంచాను తువ్వాలుతో తుడిచి జేబులో వేసుకున్నాను. లోపల సంకల్పం చెబుతున్నారు. దేవుడు ఇంకా ఎంగిలి పడలేదు, నేను పడ్డాను.

మామ రాగానే, "రెండు పిడికిళ్లు ఎక్కువైంది మామా" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు నేను మరచిపోలేను. "వాసనతోనే పట్టినావా?"

"అవును."

"ఓరి నీ పాసుగూల! నాకు పదేండ్లు పట్టిందప్పా ఈ ఇద్దె!" అని సుంకన్నను కేకేశాడు. చాలకపోతే కలపడానికి ఉడికించి పక్కన పెట్టుకునే చప్పిడి పప్పు ఉంది. దాన్నంతా ఇందులో పోయించి, వేడినీళ్లు కలిపి, మళ్లీ తిరగమోత పెట్టాడు. పన్నెండుకు నైవేద్యమైంది. పన్నెండున్నరకు మొదటి పంక్తి కూర్చుంది. ఇంటి పెద్దావిడ పప్పు రెండుసార్లు వేయించుకుని, ఓబులేసు చేతికి తిరుగులేదంది. అందరూ ప్రసాదమని మొదటి ముద్ద కళ్లకద్దుకుని తింటుంటే నేను పెరట్లోకి వచ్చేశాను. నాకు సిగ్గేసింది.

రెండింటికి మామ నన్ను ఇటుకల కుప్ప మీద కూర్చోబెట్టుకున్నాడు. ముందుగా మా నాయనకు ఫోన్ చేశాడు. "బావా, నీ కొడుకును పంపీ. వాని మాదిరి ముక్కు ఈ తట్టు లేదు" అని గట్టిగా చెప్పి పెట్టేశాడు. ఆ తరువాత గొంతు తగ్గించాడు.

"జరమొచ్చి పడుకుంటి గదా అల్లుడా, అప్పుడే పోయింది నా ముక్కు. ఏమీ తెలీదు. నాలుకకు ఉప్పు తెలుస్తాది, కానీ దేవుని వంటలో నాలుక పెట్టకూడదు గదా. పిడికిలి కొలతతో నెట్టుకొస్తాండా. ఇప్పుడు ఏసినానో లేదో గూడా మర్సిపోతాండా. సుంకన్నకు గూడా చెప్పలే." తువ్వాలుతో మొహం తుడుచుకుని అన్నాడు. "శ్రావణంలో ఒక పెండ్లుంది, సత్యనారాయణ వ్రతంతో. ఆ రెండ్రోజులు సెలవు పెట్టి రా. నువ్వు పక్కనుంటే ఇంగ కొన్నేండ్లు లాగొచ్చు."

నేను తల ఊపాను. అంతకంటే నీచమైన పని నేను ఇంతవరకు చేయలేదు.

మూడూ నలభైకి నంద్యాల బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు, ఎండ మొహాన కొడుతోంది. వంట నాకు ఇష్టమా, నలుగురూ మెచ్చుకోవడం ఇష్టమా అని ఆ ఎండలో నన్ను నేను ప్రశ్నించుకున్నాను. గట్టిగా ఏదీ తేలలేదు. ఒక్కటి మాత్రం తెలిసింది. శ్రావణంలో నేను ఆ డేగిసా ముందు నిలబడితే మళ్లీ చెంచా తీస్తాను. శిరివెళ్ల మెట్ట దాటాక మామకు ఫోన్ చేసి జరిగింది చెప్పేశాను.

అవతల ఉలి చప్పుడు వినబడుతోంది.

"ఉప్పు ఎక్కువైంది మాత్రం నిజమేనా?" అని అడిగాడు.

"నిజమే మామా."

"ఎంత?"

"నోట్లో పెట్టుకోలేనంత."

"సరే," అన్నాడు. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండునని నాకనిపించింది. "పెండ్లోళ్లకు ఇంగోన్ని చూసుకోమని చెప్తాలే. నువ్వు పో. ఆడ రుచి చూడొద్దనేవాళ్లు ఎవురూ ఉండరు. ఇది మాత్రం యాడా చెప్పాకు. ఆ ఇంటోళ్లు ప్రసాదమని తిన్నారు. మీ నాయనకు గూడా చెప్పాకు." ఫోన్ పెట్టేశాడు.

హోటలువాళ్లకు వస్తున్నానని మెసేజ్ పంపాను. వెంటనే అభినందనలంటూ జవాబొచ్చింది. ఫోన్ జేబులో పెట్టుకుని, దారి పొడవునా కోసిన చేలను చూస్తూ కూర్చున్నాను.

ఐదు దాటాక నంద్యాలలో దిగాను. బస్టాండు బయట మా నాయన బండి ఆపుకుని నిలబడి ఉన్నాడు. నా కోసం ఆయన బస్టాండుకు రావడం అదే మొదలు. నా చేతిలోని సంచీ తీసుకుని బండికి తగిలించాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేను చూసి ఎన్నేళ్లయిందో.

"వాసనతోనే పట్టినావంట గదరా!" అన్నాడు.

నేను చొక్కా జేబులోని చెంచాను అరచేత్తో కప్పుకుని ఆయన వెనక ఎక్కి కూర్చున్నాను.