రహీమ్ డాక్టరూ, ఆయన ఇద్దరు సాక్షులూ

డాక్టర్ అబ్దుల్ రహీమ్ గారు దేన్నీ ఒంటరిగా చూసి తీర్పు చెప్పరు. వస్తువేదైనా సరే, దానికి అటొకటి, ఇటొకటి ఉండాలి. అటు మంచిదని ముందే తెలిసినది, ఇటు చెడ్డదని ముందే తెలిసినది. మధ్యలో మన వస్తువును కూర్చోబెట్టి చూస్తేనే దాని బండారం బయటపడుతుందని ఆయన నమ్మకం. ఆ రెంటికీ మంచి సాక్షి, చెడ్డ సాక్షి అని పేర్లు కూడా పెట్టుకున్నారు. ఆదోనిలో ఆయన్ను ఎరిగిన వాళ్లమందరం ఏదో ఒకనాడు ఈ సాక్షుల పాల పడినవాళ్లమే.

ఆయన పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరై, నా మందుల దుకాణం వెనక గదిలో పశువుల రక్తపరీక్షలకు చిన్న ల్యాబు పెట్టుకున్నారు. గది నాది, మనిషి నా స్నేహితుడు, అసిస్టెంటు వెంకటకృష్ణయ్య నా సొంత బావమరిది. ఇక నా సుఖం గురించి వేరే చెప్పాలా?

హోటలుకు పోతే టీ తాగి ఊరుకోవచ్చు కదా. ఊహూ. ఇంకో టీ తెమ్మంటారు, అది చెడ్డదై ఉండాలంటారు. సర్వరు పాపం బిక్కమొహం వేసి, అన్నీ ఒకే డేక్సాలోవి సాబ్, చెడ్డది యాడ తెచ్చేది అన్నాడు. అయితే ఇదే చెడ్డ సాక్షి, మంచిది పక్క హోటల్నుంచి పట్రమ్మన్నారు డాక్టరు గారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని ఆ మాట విన్నాడు. ఆ తర్వాత చాలాకాలం మేమిద్దరం రైల్వేస్టేషన్ దాకా నడిచిపోయి టీ తాగాల్సివచ్చింది.

ఇంట్లో ఆయన భార్య లాలాబీ గారి బాధ ఇంకోరకం. పండగపూట ఒళ్లు హూనం చేసుకుని బిర్యానీ వండి, ఎట్లుందని అడిగిందట ఆ తల్లి. "మీ అక్క నిరుడు వండింది చూడు, అది పక్కన ఉండుంటే సెప్పేవాణ్ణి" అన్నారట. మంచి సాక్షిగానా, చెడ్డ సాక్షిగానా అన్నది చెప్పలేదు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఎవరికి వారే తమనే తిట్టాడనుకుని ఏకమై ఆయనమీద అలిగారు.

మా వాడికి పెళ్లిచూపులని ఎమ్మిగనూరు పోతూ, పెద్దమనిషి కదా అని ఈయన్ను వెంటపెట్టుకుపోవడం నా బుద్ధి తక్కువ. పిల్ల చక్కగా కీర్తన పాడింది. అందరం తల ఊపుతున్నాం. ఈయన గొంతు సవరించుకుని, మీ ఇంట్లో బొత్తిగా పాడడం చేతకానివాళ్లు ఎవరన్నా ఉంటే వాళ్లచేత ఒక చరణం పాడించండి అన్నారు. నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. పిల్ల తండ్రి ఏమనుకున్నాడో ఏమో, కండువా సర్దుకుని నిజంగానే పాట ఎత్తుకున్నాడు. వీధిలో పోయేవాళ్లు ఆగిపోయారు. ముందు పిల్ల నవ్వింది, తర్వాత మావాడు నవ్వాడు, సంబంధం అక్కడికక్కడే ఖాయమైపోయింది. అదంతా తన పద్ధతి మహిమేనని డాక్టరు గారు ఈనాటికీ అంటారు.

ఎనభై ఏడులో కోసిగి దగ్గర పల్లెనుంచి హులిగమ్మ అనే ఆమె వచ్చింది. వెనకే ఆ ఊరి పెద్దరైతు తిమ్మప్ప కూడా. హులిగమ్మకు ఉన్నదల్లా ఒక పాడిగేదె, మా వైపు మాటలో ఎనుము. అది నెలలు నిండకముందే దూడను ఈసుకుపోయింది. అట్లా ఈసుకుపోయే అంటురోగం ఒకటుంది, ఒక కొట్టంలో మొదలైతే ఊరి పశువులన్నిటికీ పాకుతుంది. ఆ ఎనుమును ఎమ్మిగనూరు సంతకు తోలి కటికవాళ్లకు అమ్మేయమని ఊరు తీర్మానం చేసింది. పరీక్ష చేయించుకుంటానని ఈమె పట్టుబట్టింది. వచ్చి ఉత్తమాట చెప్తుందేమోనని ఫలితం చెవులారా వినడానికి తిమ్మప్ప కూడా బస్సెక్కాడు.

"అది పోతే నేనూ ఊరిడిసి కూలికి, సుగ్గికి పోవల్ల సారూ. మా వోళ్లంతా బెంగళూర్లో మట్టి మోసేదానికి పోతాండారు. ఈ ఎనుముందని నేనొక్కదాన్నే ఈడ నిలబడినా" అంది హులిగమ్మ.

డాక్టరు గారు ఆమె ఊరినుంచి తెచ్చిన ఎనుము రక్తం సీసా చేతిలోకి తీసుకుని, ఆమెను పీటమీద కూర్చోబెట్టి పరీక్ష సంగతి చెప్పసాగారు. అది వామనగుంటల పలకలాంటి చిన్న ప్లాస్టిక్ పళ్లెం. గుంటల అడుగున ఆ రోగపు క్రిమి తాలూకు ముక్కలు అంటించి ఉంటాయి. ఎనుముకు రోగం సోకివుంటే దాని రక్తంలో ఆ క్రిమిని పట్టే ప్రతిరక్షకాలు ఉంటాయి, అవి పోయి అడుగున కరుచుకుంటాయి. ఆపైన బెంగళూరు మిత్రుడు పంపిన ఒక ప్రోటీన్ వేస్తారు. "దానికి ఒకటే పని తల్లీ. ప్రతిరక్షకం యాడ కనబడితే ఆడ దాని తోక పట్టుకుంటాది. ఈ ప్రోటీన్ వీపుకు రంగుమూట కట్టి పంపినారు. తోక దొరికితే గుంట రంగు మారుతాది, లేకుంటే కడిగితే పోతాది" అన్నారు. హులిగమ్మకు అర్థమైంది. నాకు అది పదోసారి వినడం, అప్పుడే అర్థమైంది.

ఆమెకు ధైర్యం చెప్పే సందట్లో, తాను చేసుకోవలసిన ఒక పని వెంకటకృష్ణయ్యకు అప్పజెప్పారు. గుంటల్లో క్రిమి అంటని ఖాళీ జాగాలుంటాయి. రంగుమూటది పోయి ఆ ఖాళీలో అతుక్కోకుండా ముందే గుడ్డు తెల్లసొన నీళ్లతో అలకాలి. అంతే పని.

సాక్షుల్లేకుండా ఆయన పరీక్ష చెయ్యరు కదా. చెడ్డ సాక్షిగా బెంగళూరునుంచి వచ్చిన రోగిష్టి పశువు రక్తం, మంచి సాక్షిగా లాలాబీ గారి ఎనుము రక్తం. పోయడాలు, కడగడాలు అయ్యాక చూస్తే గుంటలన్నీ రంగు తిరిగాయి. హులిగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తేలిపోయినాది గదా సాబ్. రేపే తోలేస్తాం" అంటూ తిమ్మప్ప లేచాడు.

డాక్టరు గారు హులిగమ్మ గుంట వంక చూడనేలేదు. మంచి సాక్షి గుంట దగ్గరే ముక్కు ఆనించి నిలబడ్డారు. "కూకో తిమ్మప్పా. ఇది మా ఇంటి ఎనుము. దీనికీ రోగమే అంటాంది పళ్లెం. నువ్వు పొద్దున తాగిన టీ దీని పాలదే" అన్నారు. తిమ్మప్ప మొహం చూడాలి. పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు గారు వాడి భుజం తట్టి, మా ఎనుము రాయిలా ఉంది, ఊళ్లో అందరూ దొంగలేనని పోలీసాయన అంటే తప్పు పోలీసాయనదే కదా అన్నారు.

అప్పుడు మొదలైంది విచారణ. మందులు చూశారు, నీళ్లు చూశారు, నన్ను చూశారు. చివరికి వెంకటకృష్ణయ్య మూలకు ఒదిగి నిలబడి ఉండటం చూశారు. ఏం నాయనా అంటే చాలు, బయటపెట్టేశాడు. ఆవేళ తొలి ఏకాదశి. ఉపవాసం ఉండి కోడిగుడ్డు ముట్టుకోలేక, ఎవరికీ చెప్పకుండా మా ఇంటికి పోయి మా ఆవిడ శాంతమ్మ దగ్గర అప్పుడే పితికిన ఆవుపాలు తెచ్చి, గుంటలన్నీ భక్తిగా అలికాడు.

"గుడ్డు కంటే శ్రేష్ఠం కదా సార్, ఆవుపాలు" అన్నాడు.

నాకు వాణ్ణి అక్కడే చీల్చి చెండాడాలనిపించింది. డాక్టరు గారు మాత్రం పడీపడీ నవ్వారు. పాలల్లో కూడా ఆవు ప్రతిరక్షకాలుంటాయట, దూడకోసం తల్లి పెట్టేవి. మన రంగుమూటది తోక కనబడితే పట్టుకోవడమే గానీ ఎవరి తోకని అడగదు, కాబట్టి గుంటగుంటనా ఆవుపాల తోకలే పట్టుకుంది. కోడి సరుకు మాత్రం దానికి చిక్కదు, అందుకే తెల్లసొన. అదంతా చెప్పి, నీ ఏకాదశి పుణ్యం యాడికీ పోదులే, రేపు నేనే అలుక్కుంటాను అన్నారు.

మర్నాడు వాళ్లిద్దరి ముందరే మళ్లీ చేశారు. చెడ్డ సాక్షి రంగు తిరిగింది. మంచి సాక్షి తెల్లగా ఉంది. దాని పక్కన హులిగమ్మ ఎనుము గుంట కూడా కడిగిన ముత్యంలా ఉంది. ఆమెనే దగ్గరికి పిలిచి చూసుకోమన్నారు. ఎంతసేపు చూసిందో. తిమ్మప్ప మాత్రం, డాక్టరు చెప్పినంత మాత్రాన ఊళ్లో దాని పాలు ఎవురు కొంటారు అని గొణిగాడు. ఆ మాటా నిజమే. పాలు అమ్ముడుపోకపోతే ఎనుము ఉన్నా ఆమెకు సుగ్గి తప్పదు.

డాక్టరు గారు చెప్పులేసుకున్నారు. నన్నూ వాళ్ల ఊరికి లాక్కుపోయారు.

ఊరి టీబంకు ముందర బెంచీమీద కూర్చుని, హులిగమ్మ ఇంటినుంచి ఒక గ్లాసు కాచిన పాలు, మంచి సాక్షిగా తిమ్మప్ప ఇంటినుంచి ఒక గ్లాసు తెప్పించారు. జనం మూగారు. ముందు హులిగమ్మ పాలు చుక్క మిగల్చకుండా తాగారు. తర్వాత తిమ్మప్ప పాలు ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, గ్లాసు కింద పెట్టారు.

"ఏం తిమ్మప్పా, నేను మంచి సాక్షిని పంపమంటే చెడ్డ సాక్షిని పంపినావే" అన్నారు.

జనం గొల్లున నవ్వారు. తిమ్మప్ప నోరు తెరిచేలోగా వాళ్లావిడ గంగమ్మ వెనకనుంచి, "రోంత నీళ్లు పోసినా సామీ, డాక్టరుకు తెలుస్తాదనుకోలే" అంది. మేం లేచేసరికి హులిగమ్మ చుట్టూ చెంబులు పట్టుకుని ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఆమె మావైపు ఒకసారి చూసి, మాట్లాడ్డానికి తీరికలేక మళ్లీ కొలతలో పడింది.

బస్సులో కూర్చున్నాక అడిగాను, ఒక్క గుక్కలోనే నీళ్లు ఎట్లా కనిపెట్టారని.

"నాకేం తెలుసు శెట్టీ? మూడో గ్లాసు యాడుంది?" అన్నారు డాక్టరు గారు. "రెండూ ఒకే తీరుగుండె."

"మరి గంగమ్మ ఒప్పుకున్నాది గదా."

"అది ఆమె మంచితనం" అని, కిటికీకి తల ఆనించి ఆదోని వచ్చేదాకా హాయిగా నిద్రపోయారు.