కనబడితే వినబడని పెళ్లిచూపులు

ఇంట్లో కంప్యూటర్ ఉందంటే ఇంజనీర్ కూడా ఉన్నట్టే లెక్కేసే వాడ మాది. మా ఇంట్లో ఆ ఇంజనీర్‌ని నేనే. (చదివింది బీకామ్. కాకపోతే మూడు నెలల కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్‌ను అమ్మ ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన వేలాడదీసింది. ఆ తర్వాత సూరత్‌లోని ఉధ్నాలో మా వరుస గదులవాళ్లు నన్ను కాదనడానికి ధైర్యం చేయలేదు.) మా కంప్యూటర్ తెరా యంత్రమూ ఒకే పలకలో ఇమిడిపోయిన పాత రకం. బాపు, అంటే మా నాన్న, సాంచలు నడిపేవాడు. సాంచ అంటే మరమగ్గం. మా సిరిసిల్ల వాళ్లు ఊరు విడిచి సూరత్ వచ్చినా అది మమ్మల్ని విడిచిపెట్టలేదు. బాపు పనిచేసే కార్ఖానా సేఠ్ తన ఆఫీసులోకి కొత్త కంప్యూటర్లు తెచ్చుకుని ఈ పాతదాన్ని గడప బయట పెట్టిస్తే, టీవీ లాగే ఉంది కదా అని బాపు ముచ్చటపడి, ఆటోలో పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చాడు.

వచ్చిన ఏడాదికే దాని లోపలి హార్డ్‌డిస్క్ కన్నుమూసింది. మార్చాలంటే ముందు అద్దం ఊడదీయాలనీ, అద్దం పగిలితే తన పూచీ లేదనీ రిపేరు షాపువాడు చేతులెత్తేశాడు. అప్పుడు నేను పూనుకుని బయట ఇంకో హార్డ్‌డిస్క్‌ను తీగతో తగిలించి, సిస్టమ్ దాని మీద నడిచేలా చేశాను. నా జీవితంలో అదొక్కటే నిజమైన ఇంజనీరింగ్. వెనక నాలుగు యూఎస్‌బీ రంధ్రాలుండేవి. ఒకటి తుప్పుపట్టి చచ్చింది. ఒకటి ఈ హార్డ్‌డిస్క్‌కు. ఒకటి నా ఫోన్‌కు, ఎందుకంటే నెట్ దాన్నుంచే రావాలి, అందులో మాట్లాడితే నెట్ ఆగిపోయేది. మిగిలిన ఒక్కదాని మీద మౌస్, కీబోర్డ్, కెమెరా, స్పీకర్ (లోపలిది ఎప్పుడో మూగబోయింది) అన్నీ బతకాలి. ఒక రంధ్రాన్ని నాలుగు చేసే హబ్ కొనుక్కొచ్చి పెట్టాను. రంధ్రాలు నాలుగయ్యాయి గానీ కరెంటు మాత్రం పెరగలేదు. కెమెరా, స్పీకర్ కలిపి తగిలిస్తే చాలు, హార్డ్‌డిస్క్ టిక్కుటిక్కుమని మూలిగి తెర నల్లబడేది. కెమెరా పెడితే మేం అవతలివాళ్లకు కనబడతాం, మా మాటా దాని మైకు నుంచే పోతుంది, కానీ వాళ్ల మాట మాకు వినబడదు. స్పీకర్ పెడితే వాళ్ల మాట వినబడుతుంది, మేం వాళ్లకు కనబడం, వినబడం. ఇంట్లో ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియనివ్వడం ఇంజనీర్ హోదాకు మంచిది కాదని నా అభిప్రాయం.

అలాంటి సమయంలో కరోనా వచ్చి సాంచలు బందయ్యాయి, రైళ్లు బందయ్యాయి, మా వరుసలో సగం గదులకు తాళాలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే అక్కకు సిరిసిల్ల సంబంధం వచ్చింది. అబ్బాయి మందుల దుకాణంలో పనిచేస్తాడు. వాళ్ల నాయన ఒకప్పుడు భీవండిలో సాంచలు నడిపి వెనక్కి వచ్చినవాడు. వచ్చి చూసుకునే వీలు లేదు కాబట్టి వీడియోలోనే పెళ్లిచూపులన్నారు. నా ఫోన్ ముందు కెమెరా పగిలిపోయి అందులో మనిషి పొగమంచులో ఉన్నట్టు కనబడేవాడు. బాపు డబ్బా ఫోన్ బ్యాటరీ ఉబ్బి మూలన పడింది. అయినా భయమేముంది, మా ఇంట్లో పెద్ద కంప్యూటర్ ఉంది, ఇంజనీర్ ఉన్నాడు అని సంబంధం తెచ్చిన మామ అవతలివాళ్లకు ముందే గొప్పగా చెప్పేశాడు.

అక్క సంగతి వేరు. ఉధ్నా పక్కనే భేస్తాన్‌లో చిన్న బడిలో పాఠాలు చెప్పేది, బీఎడ్‌లో చేరింది, సగంలో ఉంది. పెళ్లయ్యాక చదువు సాగనిస్తారా అని అడిగినందుకు అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఈసారి నోరెత్తవద్దని అమ్మ బతిమాలింది. బాపు కూడా, మొదటి రోజే అడగడం బాగుండదు, తర్వాత చూద్దామన్నాడు. తర్వాత అంటే ఎప్పుడో అక్కకు తెలుసు. మాట తీసుకోకుండా తల వంచేది లేదనీ, ఎవరూ అడగకపోతే తానే అడుగుతాననీ నా ఒక్కడితోనే చెప్పింది. నేను పెద్ద మనిషిలా భరోసా ఇచ్చి, మనసులో మాత్రం తీగల గురించి ఆలోచించాను.

నా పథకం సులువైనది. ముందు కెమెరా పెట్టి చూపులు కానిద్దాం, తర్వాత దాన్ని పీకి స్పీకర్ పెట్టి వాళ్ల మాటలు విందాం. పొద్దున రాహుకాలం పోయాక కాల్ కలిసింది. తెర మీద మంచం అంచున అబ్బాయి, ఒక పక్క తండ్రి, ఇంకో పక్క తల్లి, వెనక గోడకు ఆనుకుని నాయనమ్మ. అందరూ పెదాలు కదుపుతున్నారు, చప్పుడు లేదు. కనెక్షన్ సర్దుకుంటోందని నేను యంత్రం వెనక నుంచి ప్రకటించాను. అమ్మ మాత్రం అబ్బాయి తల్లి పెదాలు కదిలినప్పుడల్లా తలూపి నవ్వుతూనే ఉంది. (వియ్యపురాలు మాట్లాడుతుంటే మొహం గంటు పెట్టుకుంటామా అని తర్వాత నన్నే అడిగింది.) అక్క నమస్కారం పెట్టింది, పేరు చెప్పింది. ఇంక వినే వంతు వచ్చిందనుకుని నేను కెమెరా పీకి స్పీకర్ దూర్చాను. అక్క సరిగ్గా అప్పుడే గొంతు సవరించుకుని నోరు తెరిచింది. తెర బిగుసుకుపోయింది.

ఇక్కడ సాంచల వాళ్ల అలవాటొకటి చెప్పాలి. పోగు తెగితే ఆలోచించకూడదు, క్షణంలో సాంచ ఆపెయ్యాలి, లేకపోతే బట్టంతా పాడవుతుంది. ముప్పై ఏళ్లుగా బాపు చెయ్యి ఆ పని కన్నుతో కూడా సంప్రదించకుండా చేస్తోంది. తెర మీద బొమ్మ ఆగగానే ఆ చెయ్యి లేచి గోడ మీది మెయిన్ స్విచ్ కొట్టేసింది. ఫ్యానుతో సహా అన్నీ ఆగిపోయాయి. ఆ కంప్యూటర్ మళ్లీ లేవాలంటే కుక్కర్‌లో పప్పు ఉడికేంత సేపు పడుతుంది. ఆ సేపంతా అక్క కొంగుచివర చూసుకుంటూ కూర్చుంది.

"ఇగ నేనేం అడుగను," అన్నది చివరికి. "నోరు తెరిచెటాల్లకే గిట్లయింది."

ఆమె కళ్లు నిండటం బాపు చూశాడు. నేనూ చూశాను, చూసి హబ్ వైపు తిరిగాను. కరెంటు అలా ఒక్కసారి పోయి వచ్చేసరికి హబ్‌లో సగం రంధ్రాలు కాలం చేశాయి. కెమెరా లేచింది. స్పీకర్‌ను ఎక్కడ దూర్చినా ఉలుకూ పలుకూ లేదు. కాల్ మళ్లీ కలిసింది. మళ్లీ అవే పెదాలు, అదే నిశ్శబ్దం. మా మాట వాళ్లకు పోతోంది, వాళ్ల జవాబు మాకు రాదు అని ఆ రోజు మొదటిసారి నిజం చెప్పాను.

బాపు స్టూలు ముందుకు లాక్కుని తెరకు ఎదురుగా కూర్చున్నాడు. సాంచల చప్పుడులో పక్కవాడు అరిచినా వినబడదు. అక్కడ మనుషులు పెదాలు చదువుతారు, చేతులతో మాట్లాడుకుంటారు. బాపు అరచేతులు పుస్తకంలా తెరిచి చూపాడు. అక్క వైపు వేలు పెట్టాడు. తర్వాత గాలిలో ఒక పోగు పట్టుకుని పుటుక్కున తెంపాడు, మళ్లీ రెండు వేళ్లతో అతికాడు, ఏది అన్నట్టు గడ్డం పైకెత్తాడు. తెర మీద అబ్బాయి తండ్రి ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత ఆయన ముఖం వెలిగింది. ముందుకు వంగి, రెండు వేళ్లతో అదే పోగును నింపాదిగా అతికి, చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. పక్కనే అబ్బాయి కూడా గట్టిగా తలూపాడు. తల్లి ఏదో చెబుతూనే ఉంది, అమ్మ నవ్వుతూనే ఉంది. (చాట్‌లో రాయమంటే సరిపోయేదని నాకు తోచింది. తోచేసరికి సంబంధం కుదిరిపోయింది.)

"సదువు తెంపుతరా, అతుకుతరా అని అడిగిన," అన్నాడు బాపు అక్క వైపు తిరిగి. "అతుకుతమన్నడు. నోటి మాటైతే రేపు మర్చిపోయిన అనొచ్చు బిడ్డా. చెయ్యితోని అన్నది ఇంటిల్లిపాది చూసిన్రు." అక్క ఏడ్చింది. ఆ రోజంతా ఏడుస్తూ నవ్వుతూ తిరిగింది. నేను మాత్రం స్పీకర్ పలకనందుకు ఇంజనీర్ పరువు పోయిందని అన్నం సరిగ్గా తినలేదు.

రాకపోకలు మొదలయ్యాక సిరిసిల్లలో పెళ్లయింది. మాస్కుల మధ్య అబ్బాయి నాయనమ్మ నన్ను వేలితో పిలిచింది. "మా మాట రాకుండ చేసిన పిలగానివి నువ్వేనా?" అని అడిగింది. తల దించుకుని అవునన్నాను. మంచి పని చేశావంది. ఆ పొద్దు తన కోడలు, అంటే అక్క అత్త, మా ఇంట్ల చదువులు నడవవు, పొయ్యి దగ్గర ఎవరుంటరని మొదటి నుంచి చివరి దాకా ఒకటే కేకలు వేసిందట. తన కొడుకుకు, అంటే అబ్బాయి తండ్రికి, సాంచల చప్పుడుకు ఎడమ చెవి పోయిందట, కోడలు కూర్చున్నది ఎడమ పక్కనేనట. మీకు గనక వినబడి ఉంటే మీరే లేచిపోతుండిరి అంది ముసలామె. (అక్క బీఎడ్ పూర్తి చేసింది. ఇప్పుడు బడికి ఆలస్యమవుతోందని టిఫిన్ డబ్బా కట్టి తరిమేది ఆ అత్తే.)

నేనిప్పుడు సూరత్‌లోనే ఆల్థాన్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటున్నాను. తీగలు లేవు, అన్నీ ఒకేసారి కనబడతాయి, వినబడతాయి. అప్పుడు పెళ్లి నుంచి తిరిగొచ్చే రైల్లో మాత్రం ఒక అనుమానం నన్ను నిద్రపోనివ్వలేదు. మాకైతే వినబడలేదు. కానీ బాపు పెదాలు చదువుతాడు కదా. అక్క అత్త అన్నదంతా ఆ రోజే నీకు తెలుసా అని అడిగాను.

బాపు కిటికీ వైపు తిరిగాడు. "సాంచల షెడ్డుల నూరు మంది మాట్లాడుతుంటరు," అన్నాడు. "మనకు గావలసిన చెయ్యి ఒక్కటే చూసుకోవాలె."

స్పీకర్ పాడయిందని అన్నం సరిగ్గా తినని ఇరవై రెండేళ్ల ఇంజనీర్‌ను తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.